గోల్డెన్ యారో మోడల్: రెండు నెలల తర్వాత తేలే గీతలు, మరికొన్ని సమస్యలు - పరిష్కారాలు

పాత ల్యాండ్ స్పీడ్ రికార్డు కారును కిట్ లేకుండా, ప్లాస్టిక్ షీటు కోసి సొంతంగా కట్టేవాళ్లు నన్ను అడిగే ప్రశ్నలు ఐదారుకు మించవు. ముక్కు లావుగా కనిపిస్తోంది. ఒక చక్రం గాల్లో ఉంది. బంగారు రంగు మచ్చలు మచ్చలుగా వచ్చింది. అన్నీ జాగ్రత్తగానే చేశాను గానీ రెండు నెలలకు బాడీ మీద గీతలు తేలాయి. వీటిలో చాలావాటికి కారణం ఒక స్టీలు స్కేలుతో రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఆ రెండు నిమిషాలు పెట్టక నెల రోజుల పని పాడుచేసుకున్నవాళ్లను చూస్తే నిజంగా బాధేస్తుంది. గీతల సంగతి మాత్రం వేరు. అది స్కేలుకు దొరకదు. ఏడు నెలలు నన్ను తిప్పలు పెట్టింది. అందుకే దాని గురించే ఎక్కువ రాస్తాను.

ఉదాహరణగా గోల్డెన్ యారోను తీసుకుంటున్నాను, నేను ఎక్కువసార్లు కట్టింది అదే కాబట్టి. 1929 మార్చి 11న అమెరికాలోని డేటోనా బీచ్ ఇసుక మీద బ్రిటిష్ రేసర్ హెన్రీ సీగ్రేవ్ ఈ బండిని గంటకు 231.45 మైళ్ల వేగంతో, అంటే 372.46 కిలోమీటర్లతో నడిపి ప్రపంచ రికార్డు పెట్టాడు. డిజైన్ చేసింది కెప్టెన్ జాన్ ఇర్వింగ్. లోపలున్నది 23.9 లీటర్ల నేపియర్ లయన్ విమాన ఇంజను. అందులో నాలుగేసి సిలిండర్లు మూడు వరసల్లో ఉంటాయి. మధ్య వరస నిటారుగా నిలబడుతుంది, పక్క వరసలు రెండూ చెరో 60 డిగ్రీలు బయటికి వాలి ఉంటాయి. ఆ ఇంజనుకు ఒంటికి అతికిన చొక్కాలాగా అల్యూమినియం రేకు తొడిగారు. బానెట్ మీద మూడు ఉబ్బులు రావడానికి కారణం అదే. ఈ మోడల్‌లో కష్టమంతా ఆ మూడు ఉబ్బుల్లోనూ, వాటి మధ్య పల్లాల్లోనూ ఉంది. బ్లూ బర్డ్, సన్‌బీమ్, రెయిల్టన్ లాంటి పాత రికార్డు బండ్లు కట్టేవాళ్లకు కూడా కింద రాసినవన్నీ వర్తిస్తాయి.

షీటు కోయడం, ఆకురాయి పట్టడం, ఎయిర్‌బ్రష్ వాడటం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

సమస్య: అన్నీ డ్రాయింగ్ ప్రకారమే కోశాను, అయినా పోలిక రాలేదు

ముందు డ్రాయింగ్‌ను కొలవండి. మోడల్‌ను కాదు, డ్రాయింగ్‌ను.

పది మందిలో ఏడెనిమిది మందికి కారణం ఇక్కడే దొరుకుతుంది. ప్రింట్ ఇచ్చేటప్పుడు 'ఫిట్ టు పేజ్' అనే ఆప్షన్ ఆన్‌లోనే ఉండిపోతుంది. బొమ్మ మూడు నాలుగు శాతం కుంచించుకుపోతుంది, కంటికి తెలియదు. అసలు బండి ఎనిమిది మీటర్లకు పైనే ఉంటుంది. 1:24 స్కేల్‌లో, అంటే అసలులో 24వ వంతుగా కడితే, మోడల్ 34 సెంటీమీటర్లు దాటుతుంది. అందులో మూడు శాతం అంటే దాదాపు ఒక సెంటీమీటరు. ఇక సైడ్ వ్యూను ఒక రోజు ఇంట్లో, టాప్ వ్యూను ఇంకో రోజు జిరాక్స్ షాపులో తీయించారనుకోండి, పొడవు ఒక లెక్కలో, వెడల్పు ఇంకో లెక్కలో వస్తాయి. తర్వాత మీరు ఎంత నైపుణ్యంగా కోసినా ఆ తేడా బాడీలోనే ఉండిపోతుంది.

పరిష్కారం: ప్రింట్ ఇచ్చే ముందే ఫైల్‌లో 100 మిల్లీమీటర్ల గీత ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా గీసి పెట్టండి. కాగితం బయటికి రాగానే రెండూ స్కేలుతో కొలవండి. రెండూ ఎందుకంటే కొన్ని మెషిన్లు కాగితం లాగే దిక్కులో కొంచెం సాగదీస్తాయి. తర్వాత ముందు చక్రం నుంచి వెనక చక్రం వరకు దూరాన్ని సైడ్ వ్యూలో, టాప్ వ్యూలో విడివిడిగా కొలిచి పోల్చండి. అర మిల్లీమీటరు కన్నా తేడా ఉంటే ఆ కాగితం పక్కన పడేయండి.

కాగితం సరిగానే ఉండి పోలిక రాలేదంటే టైర్లు చూడండి. దగ్గర్లో దొరికిన బొమ్మ కారు టైర్లు తెచ్చి వేస్తే ఈ బండి పోలిక మొత్తం పోతుంది. ఆ కాలపు రికార్డు కార్లలో చక్రం సైజును బట్టే కన్ను బాడీ ఎత్తును అంచనా వేస్తుంది. టైరు రెండు మిల్లీమీటర్లు చిన్నదైతే చాలు, ముక్కు లావుగా కనిపిస్తుంది. అప్పుడు చాలామంది ముక్కును అరగదీయడం మొదలుపెడతారు. దయచేసి ఆగండి, టైరు కొలవండి.

మూడో కారణం ఫొటోలు. అసలు బండి ఇప్పుడు ఇంగ్లండ్‌లోని బ్యూలీలో నేషనల్ మోటార్ మ్యూజియంలో ఉంది. చూసొచ్చినవాళ్లు ఫోన్‌తో తీసిన ఫొటోలు బోలెడు దొరుకుతాయి. ఫోన్ కెమెరాతో దగ్గర నిలబడి తీస్తే ముందు భాగం ఉబ్బి, తోక సన్నబడి కనిపిస్తుంది. ఆ ఫొటో మీద స్కేలు పెట్టి కొలతలు తీయకూడదు. రూపం అర్థం చేసుకోవడానికి ఫొటో, కొలతకు డ్రాయింగ్.

సమస్య: మూడు చక్రాలు బల్ల మీద, నాలుగోది గాల్లో

బల్లనే ముందు అనుమానించండి. మందపాటి అద్దం ముక్క మీద పెట్టి చూడండి. అద్దం మీద సరిగా నిలబడితే మీ మోడల్‌కు ఏ జబ్బూ లేదు.

అద్దం మీద కూడా ఊగుతుంటే, బాడీ అంతా కట్టాక యాక్సిల్ రంధ్రాలు చేతి డ్రిల్‌తో వేసి ఉంటారు. ఒక పక్క నుంచి దూర్చిన బిట్ రెండో పక్కకు వచ్చేసరికి ఎటో ఒకవైపు తప్పుకుంటుంది. రంధ్రాలు ఎప్పుడూ పక్కపలకల్లో, అవి ఇంకా విడి ముక్కలుగా ఉన్నప్పుడే, ఎడమ కుడి పలకలు కలిపి పట్టి ఒకేసారి వేయాలి. ఇప్పటికే అయిపోయి ఉంటే ఆ రంధ్రాన్ని ఒక మిల్లీమీటరు పెద్దది చేయండి. ఇత్తడి గొట్టం దూర్చండి. నాలుగు చక్రాలూ అద్దం మీద ఆనేలా బాడీ కింద దిమ్మెలు పెట్టి, ఎపాక్సీతో, అంటే రెండు భాగాలు కలిపి వాడే జిగురుతో, గొట్టాన్ని ఆ స్థితిలోనే గట్టిపడనివ్వండి. చక్రాన్ని అరగదీసి సరిచేయకండి, దాంతో ఇంకో లోపం తెచ్చుకుంటారు.

చక్రం తిరుగుతుంటే అటూ ఇటూ ఊగడం వేరే విషయం. గుండ్రంగా కోసి తర్వాత నడిమి రంధ్రం వేస్తే అలాగే అవుతుంది. ముందు రంధ్రం వేసి, కడ్డీకి బిగించి, డ్రిల్ మిషన్‌లో తిప్పుతూ ఆకురాయితో గుండ్రం తీయాలి.

సమస్య: ఎడమ పక్క ఒకలా, కుడి పక్క ఇంకోలా ఉంది

ఇది ఉప్పుకాగితం పట్టేవాళ్ల చేతి అలవాటు వల్ల వస్తుంది. కుడిచేతి వాటం ఉన్నవాళ్లు ఒక పక్కను తెలియకుండానే ఎక్కువ అరగదీస్తారు. ఈ బండికి మూడు ఉబ్బులుండటంతో నడిమి ఉబ్బు పక్కకు జరిగిపోతుంది. ఎంత జరిగిందో చూడ్డానికి మధ్యగీత అప్పటికే అరిగిపోయి ఉంటుంది.

అందుకే వెన్నుపలకకు తెల్ల షీటు వాడొద్దు. బండి పొడవునా నిలువుగా వచ్చే ఆ పలకను నల్ల ప్లాస్టిక్‌తో కోయండి. దానికి రెండు వైపులా తెల్ల షీటు అతికిస్తూ పోండి. ఎంత అరగదీసినా నడుమ నల్లటి సన్నని గీత కనిపిస్తూనే ఉంటుంది. అది అటో ఇటో వెడల్పుగా కనిపించిందంటే ఆ పక్క ఎక్కువ తీశారని అర్థం.

ఇప్పటికే తెల్లదానితో కట్టేసినవాళ్లు అట్టతో సగం ఆకారం కోసి, దాన్ని ఎడమ పక్క పెట్టి చూసి, తిరగేసి కుడి పక్క పెట్టి చూడండి. బాడీ పొడవునా ఐదారు చోట్ల ఇలా చూస్తే చాలు. సందు ఎక్కడుందో అక్కడ పుట్టీ, అట్ట తగిలి ఆగినచోట ఉప్పుకాగితం. అసలు బండిలో డ్రైవర్ ముందు, బానెట్ వెనక ఉండే రేకు (కౌల్) మీద ఒక టెలిస్కోప్ గురి ఉండేది. అంత వేగంలో బండి ఐమూలగా పోకుండా సీగ్రేవ్ దాంట్లోంచి చూసి నడిపాడు. మోడల్‌లో ఆ చిన్న గొట్టాన్ని అతికించే ముందు దాని వెనక కన్ను పెట్టి ముక్కు కొసను చూడండి. కొస గొట్టం మధ్యలో కనపడకపోతే ఇంకా పని మిగిలే ఉంది.

సమస్య: రంగు వేసినప్పుడు అద్దంలా ఉంది, రెండు నెలలకు అతుకులు తేలాయి

ఇప్పుడు అసలు విషయం.

నా రెండో గోల్డెన్ యారో ఆగస్టులో అతికించాను. ముక్కును రెండు మిల్లీమీటర్ల షీట్లు పన్నెండు పొరలుగా అతికించి, దిమ్మెలా చేసి చెక్కాను. బానెట్‌కు రెండేసి పొరలు. ప్రతి పొరకూ నీళ్లలా ఉండే పల్చటి ప్లాస్టిక్ సిమెంట్‌ను బ్రష్‌తో ధారాళంగా పూశాను. కింద పొట్టకు పలక మూసి, సందులన్నీ పూడ్చాను. గాలి కూడా దూరనంత బాగా మూశానని సంతోషపడ్డాను. రంగు వేశాక ఇంట్లో అందరూ చేత్తో తడిమి మరీ చూశారు.

ఆరో వారంలో బానెట్ మీద పొరలు కలిసినచోట సన్నని పల్లాలు కనిపించాయి. చేతి మీద నరాలు తేలినట్టున్నాయి, కాకపోతే ఇవి లోపలికి. ముక్కు మీద రూపాయి బిళ్లంత గుంట. రంగు కుంగిందనుకున్నాను. గీకి, పుట్టీ పెట్టి, నున్నగా చేసి మళ్లీ రంగు వేశాను. రెండు నెలలకు అవే గీతలు, అక్కడే. ఈసారి పుట్టీని అనుమానించాను. కొత్త పుట్టీ తెచ్చి మూడోసారి మొదలుపెట్టాను. మార్చి వచ్చేసరికి మళ్లీ అదే. అప్పుడు విసిగిపోయి ముక్కును రంపంతో నిలువునా కోశాను.

రంపపు పొట్టు రాలేదు. రంపం పళ్లకు జీడిపాకంలా బంక అంటుకుంది. కోత మధ్యకు చేరగానే సిమెంట్ వాసన గుప్పుమని కొట్టింది. అతికించి ఏడు నెలలైంది. పైన రాయిలా ఉన్న ముక్కు లోపల ఇంకా పచ్చిగానే ఉంది.

కారణం ఇదీ. ప్లాస్టిక్ సిమెంట్ ఫెవిక్విక్ లాంటిది కాదు, మధ్యలో గట్టిపడి రెంటినీ పట్టుకునే పదార్థం కాదు. అది ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. రెండు ముక్కల కరిగిన అంచులూ కలిసిపోతాయి, తర్వాత అందులోని సాల్వెంట్, అంటే కరిగించే ద్రవం, ఆవిరై వెళ్లిపోతే ఆ చోటు గట్టిపడుతుంది. అంచు అతుకులో ఇది ఒక్క రోజులో అయిపోతుంది, ఎందుకంటే సాల్వెంట్‌కు బయటికి దారి దగ్గరే ఉంది. అదే అరచేయంత వెడల్పు పొరల మధ్య పూస్తే అంచులు ముందు ఆరి మూసుకుపోతాయి. నడుమ ఉన్నది ఇరుక్కుపోతుంది. దానికి మిగిలిన దారి ఒక్కటే, ప్లాస్టిక్‌లోకి ఇంకి, మెల్లగా పై చర్మం దాకా రావడం. దానికి నెలలు పడుతుంది. మూసేసిన పొట్టలో కూడా అదే కథ. లోపలి గాలి సాల్వెంట్ ఆవిరితో నిండిపోయి, అతుకులు ఆరే వీలు లేకుండా చేస్తుంది.

ఇంతవరకూ చాలామందికి తెలుసు. మోసం చేసేది దీని తర్వాతి సంగతి. సాల్వెంట్ తాగిన ప్లాస్టిక్ ఉబ్బుతుంది. అతుకు దగ్గర కొంచెం ఎత్తుగా ఉంటుంది. మనం ఆ ఉబ్బునే ఉప్పుకాగితంతో అరగదీసి చదును చేస్తాం. ఆ రోజుకు అది నిజంగా చదునే, వేలికి కూడా ఏమీ తగలదు. తర్వాత వారాల తరబడి సాల్వెంట్ పోతుంటే ఆ చోటు కుంగుతుంది. పైన ఉండాల్సిన ప్లాస్టిక్‌ను మనం ముందే తీసేశాం కాబట్టి పల్లం పడుతుంది. అంటే తప్పు జరిగింది ఆగస్టులో అతికించినప్పుడు, కనిపించింది రంగు కూడా వేసి వారాలు గడిచాక. మధ్యలో పుట్టీ, ప్రైమర్, రంగు అన్నీ చేశాం కాబట్టి అనుమానం వాటి మీదికే పోతుంది. నేను పుట్టీ మార్చాను, ప్రైమర్ మార్చాను, రంగు కలిపే పాళ్లు మార్చాను. అతికించే పద్ధతి మాత్రం మార్చలేదు.

మీ మోడల్‌కు వచ్చింది ఇదేనా అని ఎలా తెలుసుకోవాలి?

ముందు తేదీలు గుర్తు తెచ్చుకోండి. గీత మూడు నాలుగు రోజుల్లో తేలితే అది పుట్టీ కుంగడం. కారు పెయింటర్లు వాడే ట్యూబు పుట్టీని, అదే ఎన్‌సీ పుట్టీని మందంగా పెట్టి ఆరకముందే రుద్దితే అలా అవుతుంది. నాలుగు వారాలు దాటాక తేలితే సాల్వెంట్‌నే అనుమానించండి. తర్వాత గీత ఎక్కడుందో చూడండి. పుట్టీ పెట్టిన మచ్చ ఆకారంలో ఉంటే పుట్టీ. లోపలి అతుకు గీత వెంటే తిన్నగా పోతుంటే, లేదా బాడీ లోపల అడ్డంగా నిలిపిన అడ్డపలక ఉన్నచోట నడుం పట్టీలా కనిపిస్తుంటే సాల్వెంట్.

అనుమానం తీరకపోతే పొట్ట కింద కనపడని చోట రెండు మిల్లీమీటర్ల రంధ్రం వేసి మీ ముక్కు దగ్గర పెట్టుకోండి. వాసన ఒక్క క్షణంలో చెప్పేస్తుంది. వాసన చూడటమే, పీల్చడం కాదు. కిటికీ తెరిచి ఉండాలి, దగ్గర్లో దీపం గానీ స్టవ్ గానీ ఉండకూడదు.

అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష తూకం. గ్రాములో వందో వంతు చూపించే చిన్న డిజిటల్ కాటా ఇప్పుడు తక్కువ ధరకే దొరుకుతోంది. చక్రాలు, కర్ర భాగాలు ఏవీ పెట్టకముందు బాడీని తూచి, తేదీ వేసి రాసుకోండి. వారం తర్వాత మళ్లీ తూచండి. బరువు తగ్గుతోందంటే సాల్వెంట్ ఇంకా బయటికి పోతూనే ఉంది. ఒకటి రెండు పాయింట్ల తేడాను పట్టించుకోనక్కర్లేదు. వారానికి పది పాయింట్లు, అంటే గ్రాములో పదో వంతు తగ్గుతుంటే ఆ బాడీకి ఉప్పుకాగితం కూడా తగలనివ్వకండి. వరసగా రెండు వారాలు బరువు మారకుండా నిలిస్తే అప్పుడు చివరి రుద్దుడు, ఆ తర్వాతే ప్రైమర్. ఈ ఒక్క అలవాటు పెట్టుకున్నాక నా మోడల్ దేనికీ గీతలు తేలలేదు.

ఇప్పటికే గీతలు తేలిన మోడల్‌ను కాపాడుకోవచ్చు. నాలా కోసేయక్కర్లేదు.

పొట్ట కింద నుంచి ప్రతి గదిలోకీ మూడు మిల్లీమీటర్ల రంధ్రం వేయండి. అడ్డపలకల మధ్య ఎన్ని గదులుంటే అన్ని రంధ్రాలు. ఒక్కటి వదిలేసినా అక్కడే గీత మిగులుతుంది. పొరల దిమ్మె ఉన్నచోట పై పొరకు నాలుగు మిల్లీమీటర్ల దూరం వరకు లోతుగా, సెంటీమీటరుకు ఒకటి చొప్పున రంధ్రాలు వేయాలి. కాక్‌పిట్ (డ్రైవర్ కూర్చునే చోటు) నుంచి కూడా లోపలికి దారి ఇవ్వండి. సాల్వెంట్ ఆవిరి గాలికన్నా బరువు, కిందికి దిగుతుంది. కాబట్టి బాడీని తలకిందులుగా కాకుండా మామూలుగానే, కింద దిమ్మెలు పెట్టి ఎత్తులో ఉంచండి. ఆవిరి కింది రంధ్రాల నుంచి దిగుతుంటే పై నుంచి గాలి లోపలికి వస్తుంది. నేను చేపల తొట్టికి వాడే చిన్న గాలి పంపు గొట్టాన్ని కాక్‌పిట్‌లో పెట్టి పగలంతా నడుపుతాను. అది లోపలికి మంచి గాలిని మెల్లగా నెడుతుంది. పంపుతో బయటికి లాగే ప్రయత్నం చేయొద్దు, సాల్వెంట్ ఆవిరి మోటారు మీదుగా పోకూడదు.

ఎండలో పెట్టొద్దు. హెయిర్ డ్రయ్యర్ అసలే వద్దు. త్వరగా ఆరుతుందని మిద్దె మీద పెట్టినవాళ్లున్నారు. సాల్వెంట్ తాగి మెత్తబడిన ప్లాస్టిక్‌కు మామూలు ప్లాస్టిక్ అంత వేడి తట్టుకునే శక్తి ఉండదు. లోపలి ఆవిరి పెరిగి చర్మాన్ని బొబ్బలా లేపుతుంది. పల్లానికి మందు ఉంది గానీ బొబ్బను కోసి ముక్క మార్చాల్సిందే. గాలి ఆడే గది, నీడ, ఫ్యాను చాలు. మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది, కాటా ఎప్పుడు చెబితే అప్పుడే.

బరువు నిలబడ్డాక పల్లాలను రెండు భాగాలు కలిపే పాలిఎస్టర్ పుట్టీతో గానీ ఎపాక్సీ పుట్టీతో గానీ పూడ్చండి. ఇవి రసాయన చర్యతో గట్టిపడతాయి, థిన్నర్ ఆరి గట్టిపడేవి కావు. అందుకే మళ్లీ కుంగవు. ఇక్కడ ఎన్‌సీ పుట్టీ వాడితే దాని థిన్నర్ తిరిగి ప్లాస్టిక్‌లోకి దిగి, నయమైన చోటనే గాయం రేపుతుంది. ట్యూబు పుట్టీ గీతలు, సూది మొనంత గుంటలు పూడ్చడానికి మాత్రమే.

కొత్తగా కట్టేవాళ్లకైతే దారి తేలిక. వెడల్పు పొరలను సాల్వెంట్‌తో అతికించకండి. నిదానంగా పట్టే ఎపాక్సీ వాడండి. లేదా మందపాటి ఫెవిక్విక్ రకం జిగురును చుక్కలుగా పెట్టి గట్టిగా నొక్కండి. పల్చటి సిమెంట్ అంచులకే, అదీ బ్రష్ కొనతో తాకిస్తే దానంతట అది సందులోకి పాకినంతే చాలు. ముక్కు లాంటి దిమ్మెను బాల్సా అనే తేలికపాటి కర్రతో చెక్కి, పైన ఎపాక్సీ పూసి గట్టిచేస్తే ఇంకా మంచిది. నా మూడో బండి నుంచి అదే చేస్తున్నాను. ప్రతి అడ్డపలకకూ నడుమ వేలు దూరేంత రంధ్రం కోయండి, గదులన్నీ ఒకదానితో ఒకటి కలవాలి. పొట్ట పలకను చివరి వరకూ అతికించకండి, స్క్రూలతో బిగించేలా చేస్తే మరీ మంచిది. లోపల దారి ఉంటే బయట గీత ఉండదు.

సమస్య: బంగారు రంగు మచ్చలుగా, గరుకుగా వచ్చింది

బంగారు రంగు దేన్నీ దాచదు. నీలం రంగు క్షమించే గీతను కూడా బంగారం పట్టిస్తుంది. కాబట్టి ప్రైమర్ మీద వేలితో కాకుండా, పక్క నుంచి టార్చి వెలుగు పడేసి చూడండి. నీడ పడ్డ చోటల్లా పని ఉంది.

మచ్చలకు కారణం ఎక్కువగా కింది పొర. గ్రే ప్రైమర్ మీద నేరుగా లోహపు రంగు వేస్తే రేణువులు తలో దిక్కుకు పడతాయి. నిగనిగలాడే నల్ల రంగు వేసి, రెండు రోజులు ఆరనిచ్చి, 2000 నంబరు వాటర్ పేపర్‌తో తడిగా మెల్లగా రుద్ది, దాని మీద బంగారాన్ని పల్చగా నాలుగైదు కోట్లు వేయండి. తడిసి కారేంత వేయొద్దు. రంగు సీసాను ప్రతి కోటుకూ ముందు కదపాలి, రేణువులు అడుగున కూర్చుంటాయి. ఇది తెలియనివాళ్లు లేరు, చేసేవాళ్లు తక్కువ.

వానాకాలంలో ల్యాకర్ రంగు పొగ పట్టినట్టు తెల్లబడితే అది తేమ. థిన్నర్ త్వరగా ఆవిరై ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ దాని మీద చేరుతుంది. మన కోస్తా ఊళ్లలో జులై నుంచి అక్టోబరు వరకు ఇది మామూలే. రిటార్డర్ కలిపిన నిదానంగా ఆరే థిన్నర్‌తో ఒక పల్చటి కోటు వేస్తే చాలాసార్లు పోతుంది. లేదంటే వాన తెరిపిచ్చిన పొడి మధ్యాహ్నం కోసం ఆగండి.

రంగు ఏ ఛాయలో ఉండాలన్నది పాత నలుపు తెలుపు ఫొటోలు చూసి నిర్ణయించకండి. ఆ రోజుల్లో వాడిన ఫిల్ములు చాలావరకు ఎరుపును పట్టేవి కావు, పసుపును ముదురుగా చూపించేవి. అలాంటి ఫొటో చూసి ఇత్తడి గోధుమ రంగు వేసినవాళ్లున్నారు. మ్యూజియంలోని బండి రంగు ఫొటోలు ఐదారు పక్కపక్కన పెట్టి, దీపాల పసుపు తక్కువగా ఉన్నదాన్ని ఎంచుకోండి.

ఇంకొకటి. తుప్పు, నూనె మరకలు, బురద వేసి పాతబరచకండి. ఈ బండి మొత్తం జీవితంలో నడిచింది సుమారు 30 కిలోమీటర్లు. ఒక్క ట్రయల్, ఆ తర్వాత రికార్డు పరుగు. రెండు రోజులకు అదే బీచ్‌లో వైట్ ట్రిప్లెక్స్ అనే ఇంకో రికార్డు కారు నడిపిన లీ బైబిల్ ప్రమాదంలో చనిపోయాక సీగ్రేవ్ మళ్లీ ప్రయత్నించలేదు, బండి ఇంటికి వెళ్లిపోయింది. కాస్త ఇసుక దుమ్ము చక్రాల దగ్గర చల్లితే సరిపోతుంది.

మిగిలినవి

తోక రెక్క వంగిపోతుంటే అది పల్చటి ప్లాస్టిక్‌తో కోసి ఉంటారు. అర మిల్లీమీటరు ఇత్తడి రేకుతో కోసి, రెండు గుండుసూదులు అడుగున టంకం పెట్టి బాడీలోకి దించండి. రంగు మీద సాలెగూడులాంటి పగుళ్లు వస్తే పై కోటు థిన్నర్ కింది కోటుకు ఘాటుగా ఉందన్నమాట, మొత్తం గీకి తీయడమే. ఫెవిక్విక్ పక్కన తెల్లటి బూజు వస్తే గాలి ఆడనిచోట వాడారు, తడి గుడ్డతో తుడిస్తే చాలాసార్లు పోతుంది. షీటు నాసిరకం అయి ఉంటుందా అని చాలామంది అడుగుతారు. నేను ఇన్నేళ్లలో అలాంటి షీటు ఒకే ఒక్కసారి చూశాను, అది కోస్తుంటేనే పెళుసుగా విరిగింది. వంపు తిరిగేదాకా బాగుండి తర్వాత పాడైతే తప్పు షీటుది కాదు, బాడీని మళ్లీ తూచండి.